‘మీ దిక్కు చూడ్డానికి ఏముంది?’ అని ప్రయాణ మిత్రుడు అడిగితే: మొదటి జవాబు నుంచి ఊరు చూపించి పంపేదాకా

ప్రయాణాలంటే ఇష్టమున్నవాళ్లతో ఫోన్లో స్నేహం కుదిరాక ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. విశాఖ నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు, ‘మీది నల్లగొండ కదా, మీ దిక్కు చూడ్డానికి ఏముంది?’ అంటారు. మన నల్లగొండవాళ్లం, పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లం చాలామందిమి ఇక్కడే తప్పు చేస్తాం. ‘మా దగ్గర ఏముందన్నా, ఎండలు, గుట్టలు’ అనేస్తాం. మర్యాదకు అన్నమాటే కావచ్చు, కానీ అవతలివాళ్లకు అడగడానికి ఇంకేమీ మిగలదు. మాట అక్కడ తెగిపోతుంది. ఏడో శతాబ్దపు గుళ్లు, పులులున్న అడవి, కృష్ణ, తుంగభద్ర, మూసీ, రకరకాల చేనేత ఉన్న నేల మనది. చెప్పడం రాకపోతే నష్టం మనకే.

ఆ మొదటి జవాబు ఎలా ఇవ్వాలి, మాటను ఎలా నడపాలి, మనిషి నిజంగా వస్తానంటే ఏ ఏర్పాట్లు చేయాలి, ఎక్కడ దెబ్బతింటాం అన్నది ఇక్కడ వరుసగా ఉంది.

మొదటి జవాబు: ఒక్క చోటు, పూర్తి వివరం

పది పేర్లు గుప్పించకండి. పేర్ల జాబితా ఎవరికైనా నెట్‌లో దొరుకుతుంది. మీ దగ్గర మాత్రమే దొరికేది దారి, టైము, అక్కడికి పోయాక ఏం చూడాలన్న సంగతి. ఒక్క చోటు ఎంచుకుని నాలుగు విషయాలు చెప్పండి: ఎక్కడ దిగాలి, అక్కణ్నుంచి ఎంత దూరం, ఏం చూడాలి, ఎంతసేపు పడుతుంది. చివర ఒక ప్రశ్న అడగండి. ఇలా రాయవచ్చు:

‘అన్నా, మాది నల్లగొండ. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు ఉంటది. బస్టాండుల దిగి ఆటో ఎక్కితే పానగల్లు నాలుగు కిలోమీటర్లు. ఆడ ఛాయా సోమేశ్వరం గుడి ఉంది. గర్భగుడిల గోడ మీద పొద్దంత కదలని నీడ పడ్తది. గంటన్నర చాలు. మీకు గుళ్లు ఇష్టమా, పక్షులా, మగ్గాలా? చెప్తే దాన్నిబట్టి మిగతాది చెప్త.’

ఆ చివరి ప్రశ్నే అసలైనది. అది లేకపోతే అవతలివాళ్లు ‘బాగుందన్నా’ అని ఊరుకుంటారు. ఇలాంటి చోట యాస దాచుకోకండి. వేరే జిల్లావాళ్లకు అది వినముచ్చటగా ఉంటుంది. అర్థం కాని మాట ఉంటే వాళ్లే అడుగుతారు, అక్కడ ఇంకో ముచ్చట మొదలవుతుంది. వయసులో పెద్దవాళ్లని తెలిస్తే ‘అన్నా’, ‘అక్కా’. వయసు తెలియకపోతే ‘అండీ’. తెలియని ఆడవాళ్లను మొదటి మాటలోనే పేరు పెట్టి పిలవడం, ఫొటో అడగడం వద్దు.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. పిల్లలమర్రి రెండు ఉన్నాయి. మహబూబ్‌నగర్ పక్కన ఉన్నది మహా మర్రిచెట్టు. సూర్యాపేట దగ్గర ఉన్నది కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరు. సోమశిలలూ రెండే: కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఒకటి, నెల్లూరు జిల్లాలో పెన్న మీద ఒకటి. పేరు మాత్రమే రాసి పంపితే ఫోన్లో మ్యాపు ఎటైనా తీసుకుపోతుంది. అందుకే పేరు పక్కన మండలం రాయండి, లొకేషన్ పిన్ పంపండి. జిల్లాల సంగతి కూడా చెప్పాలి. 2016 అక్టోబరులో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. పాత పుస్తకాల్లో ‘మహబూబ్‌నగర్ జిల్లా అలంపురం’ అని చదివినవాళ్లు మహబూబ్‌నగర్‌లో దిగి అలంపురం ఎటు అని అడుగుతారు. అది అక్కణ్నుంచి ఇంకా వంద కిలోమీటర్లకు పైనే.

ఇష్టం తెలుసుకోవడం, దానికి చోటు కుదర్చడం

‘మీ హాబీలేంటి?’ అని అడిగితే ‘పాటలు, ప్రయాణాలు’ అని వస్తుంది. దానితో ఏమీ చేయలేం. ‘ఆదివారం పూట ఏం చేస్తుంటారు?’, ‘పోయినసారి ఊరెళ్లినప్పుడు దేని ఫొటోలు ఎక్కువ తీశారు?’ అని అడగండి. వాళ్లు పంపే ఫొటోల్లోనే జవాబు ఉంటుంది. తలుపులు, గడపలు, శిల్పాలు ఎక్కువుంటే ఒక దారి. పిట్టలుంటే ఇంకో దారి. చీరలు, బుట్టలుంటే మరో దారి.

పాత రాతి పనిమీద ఇష్టమున్నవాళ్లకు ముందు అలంపురం చెప్పండి. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరులో బ్రహ్మ ఉన్నా తొమ్మిదీ శివాలయాలే. ఈ మాట ముందే చెప్తే వచ్చినవాళ్లు తికమకపడరు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు దాని ముందు ఎంతసేపైనా నిలబడతారు. అక్కడి జోగులాంబ గుడి అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి కాబట్టి వాళ్లింట్లో పెద్దవాళ్లనూ తీసుకురమ్మనవచ్చు.

ఆకాశం, నక్షత్రాలు ఇష్టమున్నవాళ్లుంటే నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్ చెప్పండి. కృష్ణ ఒడ్డున ఆదిమకాలపు నిలువురాళ్లు మనిషికి రెండింతల ఎత్తున నిలబడి ఉన్నాయి. ఒక రాతి మీద చిన్నచిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. 2025లో అది యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. పొద్దు పొడిచేటప్పుడో, పొద్దు గూకేటప్పుడో పోవాలి. మిట్టమధ్యాహ్నం అయితే ఆ గుంటలు కంటికి ఆనవు, ఏటవాలు వెలుగులోనే వాటిలో నీడ నిలుస్తుంది.

కొండలెక్కేవాళ్లకు భువనగిరి కోట. ఒకే రాతి గుట్ట, ఎత్తు 500 అడుగులకు పైమాటే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చింది ఈ గుట్ట మీదే. ఈ మాట చెప్తే చాలు, వచ్చేవాళ్లకు గుట్ట వేరేగా కనబడుతుంది. పైన చెట్టు నీడ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కావాలి. వాన పడ్డ రోజు ఎక్కించకండి, నున్నటి బండ మీద పాచికి కాలు నిలవదు. దేవరకొండ, రాచకొండ కోటలు ఇంత పేరు పొందలేదు, మనుషులూ తక్కువే. ఒంటరిగా పంపకుండా మీరూ వెంట పోండి.

పక్షులంటే చలికాలంలో పానగల్లు ఉదయసముద్రం చెరువు, పాలమూరు దిక్కు కోయిల్‌సాగర్ జలాశయం. పొద్దున ఆరున్నరకల్లా కట్ట మీద ఉండాలి. తొమ్మిది దాటితే వెలుగు తెల్లబడిపోయి ఫొటోలో పిట్ట నల్లటి బొట్టులా వస్తుంది.

బతుకు గురించి మాట్లాడేటప్పుడు

స్నేహం ముదిరేకొద్దీ అడిగే ప్రశ్నలూ మారతాయి. నల్లగొండ పేరు చెప్పగానే ‘ఫ్లోరైడ్ అంటారు కదా?’ అంటారు. పాలమూరు అంటే ‘వలసలు కదా?’ అంటారు. కోపం తెచ్చుకోవద్దు, సిగ్గుపడవద్దు, ఉన్నది చెప్పండి. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన ఊళ్లున్నాయి. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే నిలిచింది. ఇది తెలిసిన సైన్సు మాస్టారు ఎవరైనా మీ గుంపులో ఉంటే గంటసేపు మాట్లాడతారు. కానీ వచ్చినవాళ్లు ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలు తీస్తామంటే ఒప్పుకోవద్దు. వాళ్లు చూడదగ్గ స్థలాలు కాదు, మన ఇరుగుపొరుగు. ఈ మాట ముందే మెత్తగా చెప్పేయండి.

వలసల సంగతి కూడా అంతే. దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోసింది పాలమూరు చేతులే. జాలిగా కాకుండా పనితనంగా చెప్పండి, వినేవాళ్లు అలాగే వింటారు. అవతలివాళ్ల బతుకు గురించి అడిగేటప్పుడు జీతం, కులం, పెళ్లి కాలేదా అన్న మూడూ పక్కన పెట్టి పని గురించి అడగండి. సముద్రం పక్కన ఉండేవాళ్లను వేట ఏ నెలల్లో ఆపుతారని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది.

ఎప్పుడు రమ్మనాలి

వస్తామన్న రోజుకు సరే అనేయకండి. చూడాల్సిన దాన్నిబట్టి నెల చెప్పండి. సోమశిల దగ్గర నీళ్లు నిండుగా ఉండేది సెప్టెంబరు నుంచి జనవరి దాకా. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి బురద ఒడ్డు మిగులుతుంది. అప్పుడు వచ్చినవాళ్లు ఫొటోలు చూసి మోసపోయామనుకుంటారు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తేది పైన వరద ఉన్నప్పుడే, మామూలుగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య, అదీ అన్ని ఏళ్లూ కాదు. 26 గేట్లూ ఎత్తిన దృశ్యం కోసం వచ్చేవాళ్లకు తేదీ మాట ఇవ్వవద్దు. ‘జూరాల గేట్లు ఎత్తారు, శ్రీశైలం నిండింది’ అన్న వార్త వచ్చాక రెండు రోజుల ముందు చెప్తానని చెప్పండి. సాగర్ మధ్యలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీ తిరుగుతుందో లేదో ఆ వారమే కనుక్కోవాలి. గాలి, నీటిమట్టం చూసి ఆపేస్తుంటారు.

తాటిముంజలకు ఏప్రిల్, మే. ఆ నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరినీ బయట తిప్పవద్దు, 44 డిగ్రీలు దాటే ఎండ అలవాటు లేనివాళ్లకు ప్రమాదం. సీతాఫలాలకు సెప్టెంబరు చివర నుంచి నవంబరు. జాతరల మీద మనసున్నవాళ్లకు కార్తీకంలో కురుమూర్తి జాతర. అక్కడ ఉద్దాల ఉత్సవం, అంటే స్వామి పాదుకల ఊరేగింపు, తప్పక చూడాలి. సూర్యాపేట దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి. జాతరకు పిలిస్తే ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. బండి నిలపడానికే గంట పడుతుంది.

పానగల్లులో ఒక పూట

నల్లగొండకు వచ్చినవాళ్లను మొదట తీసుకుపోవాల్సింది ఇక్కడికే. ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలపు త్రికూటం, అంటే ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద స్తంభంలాంటి నిలువు నీడ పడుతుంది. సూర్యుడు తిరిగినా అది తిరగదు.

చూపించే పద్ధతి ఉంది. లోపలికి పోగానే ‘అదిగో నీడ’ అనకండి. కళ్లు చీకటికి అలవాటుపడేందుకు రెండు నిమిషాలు ఆగండి. మండపంలో అడ్డంగా నిలబడ్డవాళ్లను పక్కకు జరగమనండి, మనుషులు అడ్డుంటే వెలుగు దారి మూసుకుని నీడ చెదురుతుంది. తర్వాత ‘ఈ నీడ ఏ స్తంభానిది?’ అని అడగండి. వాళ్లు ఒక స్తంభం చూపిస్తారు. దానికి, గర్భగుడికి మధ్య నిలబడి చూడమనండి. అప్పుడు అర్థమవుతుంది, ఎండ నేరుగా పడి ఏర్పడే నీడ కాదిది. పక్కల నుంచి మండపంలోకి వచ్చే వెలుగు స్తంభాల మధ్య చెదిరి లోపలికి పోతుంది. ఏ వైపు వెలుగూ అందని నిలువు చారే నీడగా నిలుస్తుంది. సూర్యుడు జరిగితే వెలుగు బలం మారుతుంది గానీ అది వచ్చే దారులు మారవు. మబ్బు ముసిరిన రోజు నీడ పలచగా ఉంటుంది కాబట్టి ఆ పూట తీసుకుపోయి నిరాశపరచవద్దు.

ఫొటో దగ్గర అందరూ చేసే తప్పు ఫ్లాష్. ఫ్లాష్ వెలిగితే గోడంతా ఒకేలా తెల్లబడి నీడ మాయమవుతుంది. ఫ్లాష్ ఆపి, ఫోన్ను గడపకు ఆనించి కదలకుండా పట్టుకుని, తెరమీద వెలుగున్న గోడ భాగాన్ని తాకి తీయాలి. పూజారిగారిని అడిగాకే తీయండి. అలంపురం లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి. డ్రోన్ ఎక్కడా తీయనివ్వవద్దు.

దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం. బయటి గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి చుట్టూ తిరుగుతూ కథ చదవనివ్వండి. అక్కడి మ్యూజియం సెలవు రోజు ముందే కనుక్కోండి.

మగ్గం ఉన్న ఇంటికి పోయినప్పుడు

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వేటికవే వేరు. వచ్చినవాళ్లకు తేడా ముందే చెప్పండి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. పోచంపల్లి, పుట్టపాకలది చిటికి పని: నేసేముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. పుట్టపాక తేలియా రుమాలుకైతే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెడతారు, అందుకే బట్టకు ఆ నూనె వాసన, ఆ మెత్తదనం.

చిటికి పని దగ్గర కూర్చోబెట్టి చూపించాల్సింది కట్టు. ఆసు (నూలు చుట్టే చట్రం) మీద అర్ధచంద్రాకారంగా పోసిన నూలు మీద గీతలు గీసి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీని బిగించి చుడతారు. కట్టు కింద రంగు దిగదు. వేలితో నొక్కి చూస్తే అది ఎంత గట్టిదో తెలుస్తుంది. ఒక్కటి వదులైనా అక్కడ రంగు పాకి, నేశాక పువ్వు రేకు మసకబారుతుంది. ఆసు పోయడానికి పూర్వం ఒక్కో చీరకు ఆడవాళ్లు వేల సార్లు చేయి చాచి ముడిచేవాళ్లు. ఆ భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, దానికి తన తల్లి లక్ష్మి పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం నడుస్తున్న ఇల్లు దొరికితే తప్పక చూపించండి.

పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. పడుగును, అంటే మగ్గం మీద పొడుగ్గా పరిచిన దారాలను, చేత్తో ముట్టవద్దు, చెమట చేయి తగిలితే దారానికి మరక. గుంట మగ్గం అంచున కాళ్లు పెట్టి కూర్చోవద్దు. సగం నేసిన డిజైన్ ఫొటో అడగకుండా తీయవద్దు, తీసినా నెట్‌లో పెట్టవద్దు. ఆ ఫొటో చూసి మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి పదో వంతు ధరకు అమ్మేవాళ్లున్నారు, నేసినవాళ్ల నెల కష్టం పోతుంది. చూసినందుకు కొనాలన్న మొహమాటం అక్కర్లేదని మీ మిత్రులకు చెప్పండి. కానీ కొంటే బేరం గీచిగీచి ఆడవద్దని కూడా చెప్పండి.

అసలుదా అచ్చుదా అన్నది ఇలా పోల్చుకోవాలి: తిరగేసి చూడండి. నేసినదైతే రెండు వైపులా రంగు, బొమ్మ ఒకటే. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, ఈకలా చిన్నగా చెదిరి ఉంటాయి. అచ్చు వేసినదైతే వెనుక వెలిసినట్టు ఉంటుంది.

పోచంపల్లికి పోయినప్పుడు వినోబా మందిరం కూడా చూపించండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేని పేదలకు వంద ఎకరాలు ఇస్తానన్నది ఆ ఊళ్లోనే. భూదానం అక్కడే మొదలైంది.

సద్ది కట్టడం, వంట పంచుకోవడం

దూరంగా ఉన్న మిత్రులతో మాట కలపడానికి వంటకు మించింది లేదు. రాలేనివాళ్లకు కూడా కొలతలతో రాసి పంపవచ్చు. వచ్చినవాళ్లకైతే దారి సద్దిగా సర్వపిండి కట్టండి. నలుగురికి రెండు కప్పుల బియ్యప్పిండి, గంట నానిన శనగపప్పు మూడు చెంచాలు, వేయించి పలుకులు చేసిన పల్లీలు గుప్పెడు, నువ్వులు రెండు చెంచాలు, కారం చెంచాన్నర, ఉప్పు చెంచా, కరివేపాకు, జీలకర్ర. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతి పిండి కన్నా కొంచెం మెత్తగా కలపాలి. చల్లటి గంజు (లోతైన గిన్నె) లోపల నూనె రాసి, పిండిని అడుగున, పక్కలకు వేళ్లతో పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు చేసి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నమంట మీద పది, పన్నెండు నిమిషాలు ఉంచాలి.

పాడయ్యే చోట్లు మూడు. మందంగా ఒత్తితే అడుగున మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిల్లులు లేకపోతే నడుమ ఉడకదు. రెండోది వేసేముందు గంజును నీళ్ల కింద పెట్టి చల్లార్చకపోతే వేళ్లు కాలతాయి, పిండి అంటుకుని సమంగా పరుచుకోదు. ప్రయాణానికి కట్టేదాంట్లో ఉల్లిగడ్డ వేయవద్దు, సాయంత్రానికి వాసన మారుతుంది. ఉల్లిగడ్డ లేనిది మర్నాటిదాకా ఆగుతుంది.

భోజనానికి పిలిస్తే జొన్నరొట్టె, పచ్చిపులుసు, నాటుకోడి కూర చాలు. కారం మనకు మామూలుగా అనిపించేది వాళ్లకు మంట. కూర విడిగా తీసి సగం కారంతో చేయండి. జూరాల దగ్గర చేపల వేపుడుకూ ఇదే మాట, వేయించేముందే కారం తగ్గించమని చెప్పాలి. మాంసం, కల్లు గురించి ముందే అడగండి, తెచ్చి ఎదుట పెట్టాక అడిగితే వాళ్లు కాదనలేక ఇబ్బందిపడతారు. వెళ్లేటప్పుడు పండ్లు ఇస్తే నల్లగొండ బత్తాయి వారం రోజులు నిలుస్తుంది, పార్సిల్‌లోనూ పోతుంది. సీతాఫలం చేతికే ఇవ్వాలి. కళ్లు విచ్చుకుని, నడుమ గీతలు తెల్లబడి, కాయ ఇంకా గట్టిగా ఉన్నదాన్ని ఏరండి. రెండు మూడు రోజుల్లో వాళ్లింట్లో మగ్గుతుంది. కళ్లు విచ్చనిది కోస్తే రాయిలా ఉండి నల్లబడుతుందే గానీ పండదు.

అడవి, నది

మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను అడవిలోకి వదలరు. సాయంత్రం శ్రీశైలంలో ఆలస్యం చేసి చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా కూర్చునేవాళ్లు ఎందరో. వెనక్కి రావాలంటే ఏడింటికల్లా బయల్దేరాలి. ప్లాస్టిక్ సీసాలు లోపలికి తీసుకుపోవద్దు. కోతులకు తిండి వేయవద్దు, వేస్తే అవి రోడ్డు మీదే కాపలా ఉండి బండ్ల కింద పడతాయి. అడవిలోని సలేశ్వరం గుడి దారి చైత్ర పౌర్ణమి దగ్గర కొద్ది రోజులే తెరుస్తారు. రాళ్ల దారిలో దిగి ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను పిలవవద్దు.

నదిలో దిగనివ్వకండి. జూరాల దిగువన, సాగర్ దిగువన నీళ్లు ఉన్నట్టుండి వదులుతారు. ఇక్కడ వాన లేకపోయినా మహారాష్ట్ర, కర్ణాటక వరద ఇక్కడికి వస్తుంది. సైరన్ వినబడితే ఒడ్డు మీద ఉన్నా పైకి రావాలి.

డబ్బు, బస్సు, జాగ్రత్త

మొదటిసారి బస్టాండులోనో స్టేషన్లోనో కలవండి, ఇంటి అడ్రసు ముందుగా పంపవద్దు. ఇద్దరూ తమ ఇంట్లో ఒకరికి ఎవరితో, ఎక్కడికి పోతున్నారో చెప్పి ఉండాలి. ఆడమిత్రులు వస్తుంటే మీ ఇంట్లో అమ్మతోనో, వదినతోనో ముందు ఫోన్లో మాట్లాడించండి. ఆ ఒక్క పిలుపుతో సగం బెరుకు పోతుంది.

ఖర్చు ముందే రాసుకోండి. కారులో రోజుకు 120 కిలోమీటర్లు తిరిగి, బండి లీటరుకు 15 ఇస్తే 8 లీటర్లు. ఆ రోజు ధరతో గుణించి, టోలు కలిపి, మనుషుల మీద పంచి, బయల్దేరే ముందే చెప్పండి. తర్వాత చెప్తే స్నేహంలో మాట వస్తుంది. పూర్తిగా మీరే పెట్టుకోవాలనుకున్నా ఆ మాటా ముందే అనండి. బస్సులో అయితే ఒక విషయం: మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణ ఆడవాళ్లకే, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. గుంటూరు నుంచో, రాయచూరు నుంచో వచ్చిన అక్కకు టికెట్ పడుతుంది. ముందు చెప్పకపోతే కండక్టరు దగ్గర చిన్నబుచ్చుకుంటుంది.

ఒక రోజుకు రెండు చోట్లు చాలు. పొద్దున పానగల్లు, మధ్యాహ్నం నీడలో భోజనం, కునుకు, సాయంత్రం ఉదయసముద్రం కట్ట. నాలుగు చోట్లు పెడితే కారులో కూర్చున్నదే గుర్తుంటుంది, మాట్లాడుకోవడానికి టైమే దొరకదు. వాళ్లు వచ్చింది మీతో మాట్లాడడానికి కూడా.

వెళ్లిపోయాక

ఇల్లు చేరారా అని ఆ రాత్రే అడగండి. ఫొటోలు వారంలోపు పంపండి. అసలు సైజులో పంపాలి, మెసేజీల్లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే పోతుంది. ప్రతి ఫొటో కింద చోటు, తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత ‘ఆ గుడి పేరేంటన్నా?’ అని అడగాల్సిన పని ఉండదు. మగ్గం దగ్గర తీసిన ఫొటోలుంటే ఆ ఇంటివాళ్లకు ఒక ప్రింటు తీయించి ఇచ్చి రండి. మళ్లీ ఎవరినైనా తీసుకుపోయినప్పుడు ఆ ఫొటో గోడ మీద కనబడుతుంది. మీరు వాళ్ల ఊరికి పోయే ముందు మాత్రం ఇక్కడ చెప్పినవన్నీ తిప్పి అడగండి: ఏ నెల, ఏ బస్సు, ఎక్కడ దిగాలి, కారం ఎంత.